నలభై వాటాల తోట: ఒక పంటకాలం డైరీ

ఇది సమాజ మద్దతు వ్యవసాయం (CSA) పద్ధతిలో నడిచిన తోట: తినేవాళ్లు పంటకాలం ఖర్చును ముందే పంచుకుని వాటాదారులవుతారు, పండినదాన్ని వారం వారం పంచుకుంటారు. తోట అర ఎకరం. వాటాలు 40. పంపకం 24 వారాలు, వాటాకు వారానికి సుమారు 4 కిలోలు. మొదటి బుట్ట చేతికందే వారాన్ని 1గా లెక్కపెట్టాం. అంతకు ముందు వారాలకు మైనస్ గుర్తు.

వారం −20: బడ్జెట్

కిలో ధర కట్టడంతో మొదలుపెడితే ఈ పద్ధతి మొదటి రోజే దారి తప్పుతుంది. ముందు పంటకాలం మొత్తానికి అయ్యే ఖర్చు వేసి, దాన్ని 40తో భాగించాలి. వాటా అంటే తోటలో నలభయ్యో వంతు. ఇన్ని కిలోల కూరగాయలకు ముందుగా కట్టే సొమ్ము అనుకుంటే పొరపాటు. ఈ రెండింటి తేడా పంట బాగా పండినప్పుడు ఎవరికీ కనిపించదు.

మొత్తం ఖర్చు నూరు భాగాలనుకుంటే: కూలి 52, మాగిన ఎరువు 11, రవాణా 10, డ్రిప్ ఖర్చులో ఈ ఏటి వంతు 7, విత్తనాలూ నారూ 6, క్రేట్లూ తూకాలూ 5, మరమ్మతులు 4, అనుకోని ఖర్చు 5. ఎవరు వేసినా ముందుగా కోసేది కూలినే. అక్కడ కోసింది కోతల నెలల్లో కలుపు రూపంలో తిరిగొస్తుంది.

జపాన్‌లో 1970లలో ‘తేయికేయి’ పేరుతో పండించేవాళ్లూ తినేవాళ్లూ నేరుగా ఒప్పందం చేసుకున్నారు. ధర ఇద్దరూ కూర్చుని ఒప్పుకోవడం, తోట ఇచ్చిన పంటంతా తీసుకోవడం ఆ ఒప్పందాల్లో ఉండేవి. అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూ హ్యాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ తోట 1986లో ఈ దారి పట్టాయి. ఫ్రాన్స్‌లో 2001లో ఓబాన్య్ దగ్గర మొదలైంది. ఊళ్లు వేరు, పంటలు వేరు. పండించేవాళ్లూ తినేవాళ్లూ నేరుగా ఒప్పందం చేసుకోవడం మాత్రం అన్నిచోట్లా ఒకటే.

వారం −18: చీటీలు

అందరికీ ఒకే మొత్తం పెట్టలేదు. జర్మనీలో సంఘీభావ వ్యవసాయం చేసే చాలా తోటల్లో ఉన్న పద్ధతి తీసుకున్నాం. సగటు వాటా ఎంతో బోర్డు మీద రాస్తాం. ఎవరి స్తోమతకు తగ్గట్టు వాళ్లు చీటీ మీద మొత్తం రాసి మడిచి ఇస్తారు. పేరు బయటికి చదవం, కూడిక మాత్రమే చెప్తాం. మొదటి విడతలో బడ్జెట్లో 93 శాతం వచ్చింది. చీటీలు తిరిగి ఇచ్చి రెండో విడత పెడితే 101 శాతానికి చేరింది. రెండో విడతకు ముందు లోటు ఎంతో ఒక్క అంకెగా చెప్పాలి. బతిమాలడం మొదలుపెడితే మూడో విడత కూడా పెట్టాల్సి వస్తుంది.

డబ్బు కట్టే తీరు: విత్తనం పడకముందే 40 శాతం, మిగతాది మూడు వాయిదాలు. 40 అన్న అంకె ఊరికే రాలేదు. విత్తనాలు, ఎరువు, డ్రిప్, క్రేట్లు కలిపి 29 భాగాలు. మొదటి బుట్టకు ముందు పడే కూలి ఇంకో 11. ఇవన్నీ ఒక్క ఆకు కోయకముందే పెట్టాల్సిన ఖర్చులు.

ఒప్పందంలో నష్టం గురించి మూడే వాక్యాలు: పంట తగ్గితే తగ్గినదాన్ని నలభై వాటాలకూ సమానంగా పంచుతాం. పెరిగితే పెరిగినదీ అంతే. బయట కొని బుట్ట నింపం. మూడో వాక్యం మీద గంట సేపు చర్చ జరిగింది. అది లేకపోతే మొదటి రెండింటికీ అర్థం లేదు.

వారం −14: మడులు, నీళ్లు

మడి వెడల్పు 75 సెంటీమీటర్లు, దారి 40, పొడవు 30 మీటర్లు. ఇలాంటివి 50. అన్నీ ఒకే కొలతలో ఉండాలి. అప్పుడే గోనె పట్టాలు, వలలు, డ్రిప్ పైపులు ఏ మడి నుంచి తీసినా ఇంకో మడికి సరిపోతాయి. మడికి 50 కిలోల చొప్పున రెండున్నర టన్నుల మాగిన ఎరువు పట్టింది. పచ్చి పేడ వాడలేదు. నేలను తాకే పంటకైతే పచ్చి పేడ వేశాక కోతకు 120 రోజులు, తాకని పంటకైతే 90 రోజులు ఎడం ఉండాలని అమెరికా సేంద్రియ నిబంధనలు చెబుతాయి. 28 రోజుల ముల్లంగికి ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది?

మడికి రెండు లేటరల్ పైపులు (మడి పొడవునా నీళ్లు తీసుకెళ్లే సన్న పైపులు), 16 మిల్లీమీటర్లవి. డ్రిప్పర్ల (నీటి చుక్కలు పడే చోట్ల) మధ్య ఎడం 30 సెంటీమీటర్లు, ఒక్కోటి గంటకు 2 లీటర్లు. అంటే మడికి 200 డ్రిప్పర్లు, గంటకు 400 లీటర్లు. యాభై మడులకూ ఒకేసారి నీళ్లు వదలాలంటే గంటకు 20,000 లీటర్ల మోటారు కావాలి. పదేసి మడుల చొప్పున ఐదు భాగాలు చేసి వాల్వులు పెడితే 4,000 లీటర్లది చాలు. రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఇవ్వాలంటే మడికి 112 లీటర్లు, అంటే 17 నిమిషాలు.

పైపు మొదట్లో ఒక డ్రిప్పర్ కింద, చివర్లో ఒక డ్రిప్పర్ కింద గ్లాసులు పెట్టి నిమిషం పట్టి చూడాలి. 33 మిల్లీలీటర్లు రావాలి. మూడు మడుల్లో చివరి గ్లాసుకు 20 కూడా రాలేదు. ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. పైపు చివర విప్పితే ఎర్రటి బురద నీళ్లు కారాయి. పైపులు అతికించే రోజు లోపల పడిన మట్టి అది. చివరలు మూసేముందు ఐదు నిమిషాలు నీళ్లు వదిలి ఉంటే సరిపోయేది. ఇక మీదట పదిహేను రోజులకోసారి చివరలు విప్పి కడగాలని పనుల పట్టికలో రాశాం.

వారం −8: నారు పోయింది

టమాటాకు 98 గుంటల ట్రేలు రెండు, కొబ్బరి పొట్టుతో నింపి విత్తాం. పదో రోజుకు మొలకలు మొదట్లో దారంలా సన్నబడి పక్కకు వాలిపోయాయి. నారుకుళ్ళు. 196 మొలకల్లో 110 పోయాయి. కారణాలు మూడు, మూడూ చేతులారా చేసుకున్నవే: సాయంత్రం తడపడం, ట్రేలను నేల మీదే ఉంచడం, వల చుట్టూ మూసేసి గాలి ఆడనివ్వకపోవడం. రాత్రంతా పొట్టు తడిగా ఉంటే నారుకుళ్ళు తెచ్చే పితియం, రైజోక్టోనియా సూక్ష్మజీవులకు అంతకంటే ఏం కావాలి!

తర్వాతి ట్రేలు 60 సెంటీమీటర్ల ఎత్తు బల్ల మీదికి ఎక్కాయి. నీళ్లు ఉదయమే. అదీ ట్రే ఎత్తి చూసి తేలిగ్గా అనిపిస్తేనే. పొట్టు పైన ఎండినట్టు కనిపించినా కింద తడి ఉంటుంది. చూపును నమ్మేకంటే బరువును నమ్మడం మేలు. రెండోసారి నారు బాగానే వచ్చింది. కానీ టమాటా రెండు వారాలు వెనకబడింది. ఈ రెండు వారాల సంగతి 7వ వారం దగ్గర చూడండి.

వారం −4: విత్తే పట్టిక

ఈ పనిలో మెదడు పెట్టాల్సింది ఇక్కడే. ఒకే రోజు మడంతా ముల్లంగి వేస్తే ఒకే వారం 3,000 ముల్లంగులు. ఆ తర్వాత 23 వారాలు ఏమీ ఉండదు. బుట్ట నుంచి వెనక్కి లెక్క వేయాలి.

ముల్లంగి: గుండ్రటి చిన్న రకం, 28 రోజులది. 40 వాటాలకు ఆరేసి గడ్డల కట్ట, 240 గడ్డలు. మొలవనివి, పగిలినవి, పురుగు తిన్నవి కలిపి ఐదో వంతు పోతుందని 300 వేయాలి. మడిలో ఐదు వరసలు, వరసలో 5 సెంటీమీటర్లకో గింజ, మీటరుకు 100. అంటే మూడు మీటర్ల మడి చాలు. వారం వారం మూడేసి మీటర్లు. ఇంత చిన్న ముక్క విత్తడానికి చెయ్యి ఒప్పుకోదు. ఎవరు విత్తినా పది మీటర్లకు పోతారు. అందుకే మడి పక్కన మూడేసి మీటర్లకు పుల్లలు గుచ్చి తేదీలు రాసి పెట్టాం.

టమాటా: 40 వాటాలకు ముప్పావు కిలో చొప్పున వారానికి 30 కిలోలు. ఎనిమిది వారాల కోతలో మొక్కకు 3 కిలోలు అనుకుంటే వారానికి 375 గ్రాములు. 80 మొక్కలు కావాలి. నష్టం కలిపి 100. అర మీటరు ఎడంతో మడికి 60 పడతాయి, కాబట్టి రెండు మడులు. ఐదు వారాల తర్వాత ఇంకో రెండు. మొదటి నాట్లు పండి తగ్గే సమయానికి రెండోవి అందుకోవాలి.

వారానికోసారి విత్తాలన్న నియమం చల్లటి రోజుల్లో పనిచేయదు. చల్లదనంలో ముందు విత్తింది నెమ్మదిస్తుంది, వేడెక్కాక వెనక విత్తింది దాన్ని అందుకుంటుంది, రెండూ ఒకే వారం కోతకొస్తాయి. ముందు విత్తినదానికి మొదటి అసలు ఆకు (మొలకతో వచ్చే విత్తనపు ఆకుల తర్వాతిది) కనబడిన రోజు తర్వాతిది విత్తితే ఎడం దానంతటదే సర్దుకుంటుంది. కేలండరు కంటే ఇది నయం.

క్యారెట్ వారం −9లోనే పడింది. మొలవడానికి రెండు వారాలదాకా పట్టే గింజ, పైన మట్టి పెచ్చు కడితే బయటికి రాలేదు. తడి గోనె పట్టా కప్పి, ఆరో రోజు నుంచి పొద్దునా సాయంత్రం ఎత్తి చూడాలి. ఒక మడిలో మొలక కనబడ్డాక పట్టా తీయడం ఒక్క రోజు ఆలస్యమైంది. మొలకలు పసుపు పచ్చగా సాగి గోనె దారాల్లో చిక్కుకున్నాయి. పట్టాతోపాటు సగం ఊడి వచ్చాయి.

వారం 1: మొదటి కోత

పంపకం వారానికి రెండు రోజులు, రోజుకు 20 వాటాలు, 80 కిలోలు. తెల్లవారగానే ఆకుకూరలు, తర్వాత ముల్లంగి, చివరికి కాయలు. ఆకు ఎండ తగలకముందే నీడకు చేరాలి. పొలం వేడి లోపలే ఉండిపోతే మూట మధ్యలో ఆకు ఉడికినట్టయి మర్నాటికి వాసన వేస్తుంది. కడగడానికి మూడు తొట్లు. మట్టి మొదటిదానిలో పోవాలి, మూడోదానిలో తాగడానికి పనికొచ్చే నీళ్లే ఉండాలి. బీన్స్ కడగం. తడిస్తే మచ్చలు పడతాయి.

నిల్వకు కరెంటు లేని చల్లగది. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ 1980లలో రూపొందించిన నమూనా. 165 × 115 సెంటీమీటర్ల నేల మీద ఇటుకల జంట గోడ, ఎత్తు 67.5 సెంటీమీటర్లు, గోడల మధ్య 7.5 సెంటీమీటర్ల సందులో తడి ఇసుక. దాదాపు 100 కిలోలు పడుతుంది. పొడి వేడిలో బయటికంటే 10–15 డిగ్రీలు చల్లగా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు దాని మీద ఆశ పెట్టుకోకూడదు. నీరు ఆవిరైతేనే చల్లదనం. ఇసుక పైపొర ఎండితే లోపల ఒక్కసారిగా వేడెక్కుతుంది కాబట్టి సందులో కూడా ఒక డ్రిప్ పైపు వేశాం. పండిన టమాటాలను ఇందులో ఆకుకూరల పక్కన పెట్టకూడదు. వాటినుంచి వచ్చే ఇథిలీన్‌కు ఆకు పసుపెక్కుతుంది.

వారం 3: 180 గ్రాములు

పంపకం దగ్గర తూకం వాటాదారులదే. బోర్డు మీద రాసినంత ఎవరికి వాళ్లు తూచుకుని సంచిలో వేసుకోవాలి. బీన్స్ 20 మందికి 750 గ్రాముల చొప్పున సరిగ్గా 15 కిలోలు పెట్టాం. చివరి మనిషికి మిగిలింది 180 గ్రాములు.

దొంగతనం ఏమీ లేదు. అందరూ 750 దాటాకే ఆపుతారు, తక్కువ దగ్గర ఎవరూ ఆపరు. సగటున 30 గ్రాములు ఎక్కువ, 19 మందికి 570 గ్రాములు. పోయింది అంతే. దిద్దుబాటు: తూచే సరుకు 5 శాతం ఎక్కువ పెట్టడం, ఆకుకూరలూ ముల్లంగీ తోటలోనే కట్టలు కట్టడం. తూకం పక్కన మార్పిడి బుట్ట కూడా పెట్టాం. నచ్చనిది అందులో వేసి ఇంకొకటి తీసుకోవచ్చు. బీట్‌రూట్ అందులోకి చేరినంతగా ఇంకేదీ చేరలేదు.

మొదట వాటాకో క్రేటు ఇద్దామనుకున్నాం. ఇంటికెళ్లిన క్రేటు తిరిగి రావడం కష్టం. మూడు వారాల్లో 90కి 71 మిగిలాయి. ఇప్పుడు క్రేటు పంపకం చోటు దాటదు, సంచి ఎవరిది వాళ్లే తెచ్చుకుంటారు.

వారాలు 7–8: ఖాళీ

ఎండలు ముదిరి లెట్యూస్ కాడ తీసింది, చేదెక్కింది. టమాటా ఈ వారమే రావాలి, నారు పోవడంతో 9వ వారానికి జరిగింది. బుట్టలో బీన్స్, క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి మాత్రమే. 2.8 కిలోలు. ఆకు పంట దాటిపోయి కాయ పంట అందని ఈ సందు ప్రతి తోటలోనూ ఉంటుంది. దీనికి విరుగుడు ముందే చేయాలి: వేడికి తట్టుకునే ఆకుకూరలు రెండు మడులు 2వ వారంలో విత్తి ఉంటే సరిపోయేది. లెట్యూస్‌ను మళ్లీ విత్తి చూశాం, మొలవలేదు. నేల 30 డిగ్రీలు దాటితే ఆ గింజ నిద్రలోకి పోతుంది. ఎన్ని నీళ్లు పోసినా లేవదు.

వారం 12: వాన

మూడు రోజులు ఆగకుండా పడింది. రెండు రోజులు మడుల్లోకి ఎవరినీ దిగనివ్వలేదు. తడి నేల తొక్కితే గట్టిపడి, ఆ దారి పక్కన వేరు మిగతా కాలమంతా ఊపిరాడక ఉంటుంది. టమాటాలు తొడిమ చుట్టూ పగిలాయి. ఎండిన నేలకు ఒక్కసారిగా నీళ్లందితే లోపలి గుజ్జు ఉబ్బినంత వేగంగా తొక్క సాగదు. కింది ఆకుల మీద గుండ్రటి వలయాల మచ్చలు వచ్చాయి. నేల మీద పడిన చినుకు చిందినప్పుడు శిలీంధ్రం పైకెక్కింది. మొక్క మొదట్లో గడ్డి కప్పిన మడిలో మచ్చలు చాలా తక్కువ. గడ్డి కప్పనిది పక్క మడే. కింది నుంచి 30 సెంటీమీటర్ల ఆకులు తీసేసి, గడ్డి అన్ని మడులకూ కప్పాం.

బుట్ట 2.2 కిలోలకు పడింది. ఆరుగురు అడిగారు, ఈ ఒక్క వారం బయట కొని నింపితే ఏం పోతుందని. అడగడంలో తప్పులేదు. అయితే ఒకసారి కొన్న సరుకు బుట్టలోకి వస్తే ఆ పైవారం నుంచి అది సరఫరా దుకాణం. వాన నష్టం మళ్లీ పండించేవాడి ఒక్కడి నెత్తినే. ఒప్పందంలోని మూడో వాక్యం చూపించి కొనలేదు. దానికి బదులు ఏ మడిలో ఎన్ని కాయలు పగిలాయో, ఏది ఎప్పటికి కోలుకుంటుందో ఒక కాగితం మీద రాసి తూకం పక్కన అంటించాం. కోలుకునే తేదీ రాయని కాగితం పనికిరాదు. పగిలిన కాయల్లో బూజు పట్టనివి వేరే క్రేటులో, కావలసినవాళ్లు తీసుకునేలా.

వారం 15: మరీ ఎక్కువ

6.5 కిలోలు. టమాటా రెండో నాట్లు, వంగ, దోస ఒకేసారి ఎగబడ్డాయి. కొరతకు వచ్చిన ఫిర్యాదులకంటే దీనికి ఎక్కువ వచ్చాయి. ఇంట్లో కుళ్లిన కూర పారేస్తున్నప్పుడు డబ్బు పారేసినట్టు ఉంటుంది. ఇద్దరే ఉన్న ఇళ్లు తొమ్మిది. వాళ్లకు రెండు వారాలకోసారి వచ్చే సగం వాటా ఉండాల్సింది. దోస చల్లగా ఉంటుందని కొందరు ఫ్రిజ్ అడుగున పెట్టి నీరుగార్చారు. 10 డిగ్రీలకంటే కింద దోస, వంగ, బెండ పాడవుతాయని, టమాటాకు రుచి పోతుందని బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాశాం.

వారం 19: పేరు ఒకటి, పని ఇంకొకటి

అమెరికా 2012 వ్యవసాయ గణనలో ఈ పద్ధతిలో అమ్మామన్న పొలాలు 12,617. అక్కడ అడిగింది అమ్మకం దారి గురించి. నష్టం ఎవరు మోస్తారని కాదు. నాలుగు చోట్ల కొని ఇంటికి పంపే బుట్ట కంపెనీలూ దాదాపు ఈ పద్ధతి మాటలే వాడతాయి. వాటి సరుకులో తప్పేమీ ఉండకపోవచ్చు. కానీ 12వ వారం వాన వాళ్ల దగ్గర పడితే బుట్ట తగ్గదు, పొలం మారుతుంది. చేరేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: పంట పోతే నా బుట్ట ఏమవుతుంది?

రెండు మూడు తోటలు కలిసి ఒకే వాటా నడిపే పద్ధతి మాత్రం ఆలోచించదగ్గది. ఆకు ఒకచోట, దుంప ఒకచోట పండితే 7వ వారం ఖాళీ పూడుతుంది. అప్పుడు ఒక్కో తోట ఖర్చు విడివిడిగా చూపించాలి, నష్టం ఎంత దూరం పంచుకుంటారో ముందే రాసుకోవాలి.

వారం 24: లెక్కల మూత

వాటాకు సగటున వారానికి 3.7 కిలోలు. 40లో 31 మంది వచ్చే కాలానికి కొనసాగుతున్నారు. వదిలిన తొమ్మిది మందిలో నలుగురికి పంపకం వేళ కుదరలేదు, ముగ్గురికి ఎక్కువైంది, ఒకరు ఎంచుకునే వీలు లేదన్నారు, ఒకరు వానను రాశారు. పంపకం రెండు రోజుల్లో ఒకటి సాయంత్రానికి మారుతుంది. కోత మాత్రం తెల్లవారుజామునే, కాబట్టి చల్లగదిలో పది గంటలు ఎక్కువ నిలవాలి. ఇసుక సందుకు రెండో పైపు కావాలి.

పని గంటలు రాసుకున్న పుస్తకంలో కోతకూ కట్టలకూ తూకాలకూ పోయింది 46 శాతం. మేం వేసుకున్నది 35. కలుపు 21. కూలి 52 భాగాలు కాదు, 57. అనుకోని ఖర్చు 5 భాగాలూ అక్కడికే పోయాయి, వానకు ఏమీ మిగల్లేదు. వచ్చే బడ్జెట్ 105 అవుతుంది. ఆ అంకె చీటీల రోజున బోర్డు మీద మొదటి వరసలో ఉంటుంది.

విత్తనాల జాబితాలో మార్పులు: వేడిని తట్టుకునే ఆకుకూరలు రెండు మడులు, బీట్‌రూట్ సగానికి, టమాటాకు ట్రేలు రెండు బదులు నాలుగు, వారం తేడాతో. పుల్లల మీద తేదీలు చెరిపి ఎండబెట్టాం.